మంచం పక్క బల్లకు ప్రత్యామ్నాయాలు

మంచం పక్క బల్ల అనగా పడకగదిలో మంచానికి తలవైపున, పడుకున్నవారి చేతికి అందేంత దూరంలో ఉంచే చిన్న బల్ల. దీనిని బెడ్‌సైడ్ టేబుల్, నైట్‌స్టాండ్, సైడ్ టేబుల్ అని కూడా వ్యవహరిస్తారు. మంచినీళ్ళు, దీపం, కళ్ళజోడు, మందులు, పుస్తకం, గడియారం, ఇటీవలి కాలంలో సెల్‌ఫోను వంటి వస్తువులను దీనిపై ఉంచుతారు. ఈ బల్ల లేనిచోట అదే పనికి ఉపయోగపడే గోడ గూడు, ముక్కాలిపీట, పెట్టె, కిటికీ గట్టు, గోడ అర, వేలాడే సంచి మొదలైనవాటిని దీనికి ప్రత్యామ్నాయాలుగా చెప్పవచ్చును.

తెలుగువారి ఇళ్ళ వరకు చూస్తే ఈ ప్రత్యామ్నాయాలే ముందు నుంచి ఉన్నవి. బల్ల తరువాత వచ్చినది. కనుక ఇక్కడ ప్రత్యామ్నాయం అనే మాటను బల్ల కొనలేనివారు చేసుకునే సర్దుబాటు అనే అర్థంలో కాక, ఒకే అవసరాన్ని తీర్చే వేర్వేరు పద్ధతులు అనే అర్థంలో గ్రహించాలి. ఆ అవసరం స్వల్పంగా కనిపించినా ముఖ్యమైనది. అర్ధరాత్రి మెలకువ వచ్చిన మనిషికి, ప్రత్యేకించి వృద్ధులకు, రోగులకు, బాలింతలకు, లేచి నడవకుండానే నీరు, వెలుగు, మందు అందాలి. ఏ వస్తువును బల్లగా వాడినా అది ఈ పని చేయగలుగుతున్నదా లేదా అన్నదే ప్రధానమైన పరీక్ష.

పేర్లు

పడుకున్నప్పుడు తల ఉండే వైపును తెలుగులో తలాపు అంటారు. తలాపున చెంబు పెట్టుకోవడం, తలాపున దీపం పెట్టడం వంటి ప్రయోగాలు వాడుకలో ఉన్నవి. అంటే వస్తువులు ఉంచే బల్ల కంటె, వాటిని ఉంచే చోటుకే భాషలో ముందుగా పేరు ఏర్పడినది. జపాను భాషలో కూడా దిండు పక్కన ఉండే చోటును సూచించే మకురమోటో అనే పదం ఉన్నది.

చిన్న బల్లకు తెలుగులో విస్తృతంగా వాడే టీపాయ్ అనే పదానికి ఆసక్తికరమైన చరిత్ర ఉన్నది. హిందుస్తానీ భాషలో తిపాయి అనగా మూడు కాళ్ళు కలది. దీనిని స్వీకరించిన ఆంగ్లేయులు తేనీటికి వారి భాషలో ఉన్న టీ అనే మాటతో పోలిక కలిపి టీపాయ్ అని పలికారు, రాశారు. ఆ రూపమే మరల తెలుగులోనికి వచ్చినది. కాబట్టి టీపాయ్ అనే పదానికి మూలార్థం మన ముక్కాలిపీట అనే మాటకు చాలా దగ్గరగా ఉంటుంది. తేనీటితో దానికి పుట్టుకలో సంబంధం లేదు.

చరిత్ర

ఐరోపాలో

ఐరోపాలో మంచం పక్క బల్ల పుస్తకాల కోసమో, దీపం కోసమో మాత్రమే రూపొందినది కాదు. ఇళ్ళలో మరుగుదొడ్లు లేని కాలంలో రాత్రిపూట వాడే మూత్రపాత్రను కనబడకుండా దాచడానికి 18వ శతాబ్దంలో చిన్న తలుపు గల అలమర వంటి బల్లలు చేసేవారు. ఇంగ్లండుకు చెందిన ప్రసిద్ధ వడ్రంగి జార్జి హెపిల్‌వైట్ మరణానంతరం 1788లో ప్రచురితమైన నమూనాల గ్రంథంలో ఇటువంటి రాత్రి బల్లల చిత్రాలు ఉన్నవి. ఇళ్ళలోనికి నీటి గొట్టాలు, మరుగుదొడ్లు వచ్చిన తరువాత పాత్ర అవసరం తొలగిపోయినది, కాని బల్ల మిగిలినది. పాత్ర ఉన్న అలమరలోనికి పుస్తకాలు, మందులు చేరాయి. నేటి సైడ్ టేబుల్‌కు కింద అర లేదా చిన్న తలుపు ఉండడానికి ఆ పాత ఉపయోగం ఒక కారణం.

జపానులో

నేలపై పరుపు పరచుకొని నిద్రించే జపానులో ఎత్తైన బల్ల అవసరం లేకపోయినది. ఎదో యుగంలో పరుపు పక్కన నేలపైనే అరియాకె అండోన్ అనే రాత్రి దీపాన్ని ఉంచేవారు. దీని చుట్టూ ఉండే చెక్క పెట్టెకు వేర్వేరు ఆకారాలలో కంతలు ఉండేవి. ఆ పెట్టెను అమర్చే తీరును బట్టి వెలుగును తగ్గించుకోవచ్చును. పడక ఎత్తు ఎంత ఉంటే పక్కన ఉండే వస్తువు ఎత్తు కూడా దానిని అనుసరించి ఉండాలన్న సూత్రానికి ఇది మంచి ఉదాహరణ.

తెలుగు ఇళ్ళలో

తెలుగు పల్లెలలో మంచం ఒకచోట స్థిరంగా ఉండే వస్తువు కాదు. నులక మంచాన్ని, నవారు మంచాన్ని పగటిపూట గోడకు చేరవేసి, రాత్రికి వాల్చేవారు. వేసవిలో వాకిట్లోకి, డాబా మీదికి తీసుకొని వెళ్ళేవారు. మంచమే కదులుతూ ఉన్నప్పుడు దాని పక్కన స్థిరమైన బల్లకు తావు లేదు. అందువలన రాత్రి అవసరాలు కొంత గోడకు, కొంత నేలకు, కొంత మంచానికే అప్పగించబడినవి. గదిలో స్థిరంగా ఉండే బరువైన డబుల్ కాట్ మంచాలు వాడుకలోనికి వచ్చిన తరువాతనే వాటికి జోడుగా సైడ్ టేబుళ్ళు కూడా వచ్చాయి.

సంప్రదాయ ప్రత్యామ్నాయాలు

గోడ గూడు

పాత మట్టిగోడలు, ఇటుక గోడలు అడుగున్నర లేదా అంతకు మించిన మందంతో ఉండేవి. గోడ కట్టేటప్పుడే అందులో చిన్న ఖాళీని విడిచి గూడు ఏర్పరచేవారు. తెలంగాణలో దీనిని దిగూడు అని కూడా అంటారు. గూటి పైభాగాన్ని కమాను ఆకారంలో గాని, రెండు పలకలు ఒకదానికొకటి వాలినట్లు త్రికోణాకారంలో గాని కట్టడం కనిపిస్తుంది. పైన ఉన్న గోడ బరువు గూటిపై నేరుగా పడకుండా ఇరుపక్కలకు పంచబడడం దీని ప్రయోజనం.

గూడు ప్రధానంగా దీపానికి ఉద్దేశించినది. గోడలో లోపలికి ఉండటం వలన గాలికి దీపం తొందరగా ఆరిపోదు, చేయి తగిలి పడిపోదు. "గూట్లో దీపం, నోట్లో ముద్ద" అనే సామెత పొద్దుగూకి దీపం పెట్టగానే భోజనం ముగించే అలవాటును తెలుపుతుంది. మంచానికి దగ్గరలో ఉన్న గూటిలో దీపంతో పాటు అగ్గిపెట్టె, మందు సీసా, ముక్కుపొడి డబ్బా, కళ్ళజోడు వంటివి ఉంచేవారు. నేలమీద ఏమాత్రం చోటు ఆక్రమించకపోవడం గూటికి ఉన్న మరొక గొప్ప సౌకర్యం.

ముక్కాలిపీట

మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేలపై కూడా ఊగదు. ఏ మూడు బిందువులైనా ఒకే సమతలంలో ఉండటం దీనికి కారణం. నాలుగు కాళ్ళ బల్లకు ఒక కాలు ఏ కొంచెం పొట్టిదైనా, నేల సమంగా లేకపోయినా అది ఊగుతుంది. అలికిన మట్టినేల, నాపరాతి నేల ఉన్న ఇళ్ళలో ముక్కాలిపీట ఉపయోగపడటానికి ఇదే ఆధారం. అయితే దీనికి ఒక లోపం కూడా ఉన్నది. రెండు కాళ్ళ నడుమ ఉన్న అంచుపై బరువు పడితే పీట ఆ వైపుకు సులభంగా ఒరుగుతుంది. కాబట్టి నీళ్ళ చెంబు వంటి బరువైన వస్తువును పీట మధ్యలో ఉంచడం మేలు.

పెట్టె

కోస్తా ప్రాంతంలో భోషాణం, తెలంగాణలో సందుగ అని పిలిచే చెక్కపెట్టెలు, తరువాతి కాలంలో ఇనుప రేకుతో చేసిన ట్రంకు పెట్టెలు మంచం పక్కన బల్లగా కూడా ఉపయోగపడుతూ వచ్చాయి. బట్టలు, పత్రాలు, విలువైన వస్తువులు లోపల, రాత్రి అవసరాలు పైన ఉంటాయి. నిండుగా ఉన్న పెట్టె బరువుగా ఉండి తగిలినా కదలదు. పెట్టె తెరవాలంటే పైనున్న వస్తువులన్నిటిని తీయవలసి రావడం దీనిలోని ఇబ్బంది. అందువలన తరచుగా తెరవని పెట్టెకే ఈ పని అప్పగించడం ఉచితం.

చెంబు, మరచెంబు, కూజా

రాత్రి మంచినీళ్ళ కోసం చెంబును మంచం కింద, తలవైపు కోడు పక్కన ఉంచి, దానిపై గ్లాసును బోర్లించడం తెలుగు ఇళ్ళలో పరిచితమైన పద్ధతి. గ్లాసే మూతగా పనిచేస్తుంది. కోడుకు ఆనించి లోపలి వైపుకు ఉంచిన చెంబు మంచం దిగేవారి కాలికి తగలదు. మరచెంబుకు మర ఉన్న మూత ఉండటం వలన ఒరిగినా నీరు కారదు, పురుగులు పడవు. అందుచేత ప్రయాణాలలో దీనిని ఎక్కువగా వాడేవారు.

మట్టి కూజా గోడలలోని సూక్ష్మ రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి వేడిని తీసుకొనిపోవడం వలన లోపలి నీరు చల్లబడుతుంది. గాలి తగిలే కిటికీ గట్టు కూజాకు అనువైన చోటు. కూజా అడుగు ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి దానిని చెక్క బల్లపై నేరుగా ఉంచితే చెక్క ఉబ్బి, పాలిషు తెల్లబడుతుంది. కింద పళ్ళెం గాని, ఇనుప స్టాండు గాని ఉండాలి.

మంచమే బల్ల

కొన్ని మంచాలలో తలాపు పలకనే వెడల్పుగా చేసి, దానిలో అరలు, చిన్న సొరుగులు అమర్చుతారు. దీనివలన మంచానికి ఇరువైపులా చోటు లేని ఇరుకు గదులలో కూడా వస్తువులు అందుబాటులో ఉంటాయి. అయితే తలవెనుక ఉన్న అరను పడుకున్నవారు చూడలేరు. తడుముకొనేటప్పుడు గాజు గ్లాసు తలమీద పడే ప్రమాదం ఉన్నందున ఇటువంటి అరలో నీళ్ళు ఉంచకుండా పుస్తకం, కళ్ళజోడు వంటి తేలికైన వస్తువులనే ఉంచాలి.

ఆధునిక రూపకల్పనలు

20వ శతాబ్దంలో కొందరు రూపశిల్పులు మంచం పక్క అవసరాన్ని కొత్తగా ఆలోచించారు. వాటిలో కొన్ని ప్రసిద్ధి చెందినవి.

ఐలీన్ గ్రే బల్ల: ఐర్లండులో జన్మించి ఫ్రాన్సులో పనిచేసిన ఐలీన్ గ్రే (1878–1976) దక్షిణ ఫ్రాన్సులోని రోక్‌బ్రూన్-కాప్-మార్టిన్ అనే చోట సముద్రతీరంలో ఇ-1027 అనే ఇంటిని నిర్మించినది. ఆ ఇంటి కోసం 1927లో ఉక్కు గొట్టాలతో, గుండ్రని పైపలకతో ఒక చిన్న బల్లను రూపొందించినది. దీని అడుగు భాగం పూర్తి వలయంగా కాక ఒకవైపు తెరచి ఉంటుంది. అందువలన అడుగు మంచం కిందికి జరిగి, పైపలక మంచం మీదికి వస్తుంది. ఎత్తును పెంచుకొనే, తగ్గించుకొనే ఏర్పాటు కూడా ఉన్నది. పక్కపై కూర్చొని అల్పాహారం తీసుకోవడానికి ఇది అనువుగా ఉంటుంది. మనిషి బల్ల వైపుకు జరగడం కాక, బల్లయే మనిషి వద్దకు రావడం దీని ప్రత్యేకత.

ఆల్వార్ ఆల్టో స్టూలు: ఫిన్లండు వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో 1933లో రూపొందించిన స్టూల్ 60 కు బర్చి చెక్కను వంచి చేసిన 3 కాళ్ళు ఉంటాయి. ఎత్తు 44 సెంటీమీటర్లు. ఒకదానిపై ఒకటి పేర్చవచ్చును. కూర్చోవడానికి చేసినదైనా చిన్న బల్లగా కూడా దీనిని విరివిగా వాడుతున్నారు. మన ముక్కాలిపీట సూత్రమే ఇందులోనూ కనిపిస్తుంది.

ప్లాస్టిక్ అరల స్తంభం: ఇటలీకి చెందిన అన్నా కాస్తెల్లి ఫెర్రియేరి 1960ల చివర కార్తెల్ సంస్థ కోసం కాంపోనిబిలి అనే అరలను రూపొందించినది. ఇవి గుండ్రంగా ఉండి, పక్కకు జరిగే తలుపుతో, మరలు అవసరం లేకుండా ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. మంచం ఎత్తును బట్టి 2 లేదా 3 అరలు పేర్చుకోవచ్చును. పదునైన మూలలు లేకపోవడం చీకటిలో నడిచేవారికి మేలు.

ఆసుపత్రి బల్ల: చక్రాలు కలిగి, పక్క నుంచి చూస్తే తెరచిన పెట్టె ఆకారంలో కనిపించే ఈ బల్ల రోగి ఒడి మీదికి జరుపుకోవడానికి వీలుగా ఉంటుంది. దీర్ఘకాలం మంచంపై ఉండవలసిన రోగులకు ఇళ్ళలోనూ దీనిని ఉపయోగిస్తున్నారు. వాడనప్పుడు చక్రాల బ్రేకు వేసి ఉంచాలి. రోగి ఊతంగా పట్టుకొని లేవబోతే చక్రాల బల్ల జారిపోతుంది.

ఇంట్లో లభించే వస్తువులతో

కొత్త బల్ల కొనకుండా ఇంట్లో ఉన్న వస్తువులతోనే మంచం పక్క బల్లను ఏర్పాటు చేసుకోవచ్చును. వాటిలో కొన్ని:

* కుర్చీ: చేతులు లేని చెక్క కుర్చీ ఎత్తు దాదాపు మంచం ఎత్తుకు సరిపోతుంది. వీపు పలకకు తువాలు, చొక్కా వేసుకోవచ్చును. అవసరమైతే రోగిని చూడవచ్చినవారు కూర్చోవడానికి కూడా పనికివస్తుంది.
* ప్లాస్టిక్ స్టూలు: చవక, తేలిక. తేలికగా ఉండటమే దీని లోపం కూడా. చేయి తగిలితే జరుగుతుంది.
* పాత సూట్‌కేసులు: పెద్దది కింద, చిన్నది పైన ఉండేటట్లు 2 లేదా 3 పేర్చవచ్చును. లోపల శీతాకాలపు దుప్పట్లు ఉంచితే అడుగు బరువెక్కి నిలకడ కలుగుతుంది.
* పండ్ల బుట్టలు, చెక్క పెట్టెలు: పండ్ల రవాణాకు వాడే చెక్క పెట్టెను నిలువుగా నిలబెడితే పైన బల్ల, లోపల అర ఏర్పడతాయి. మేకులు, చీలిన చెక్క పొరలు గుచ్చుకోకుండా ఉప్పుకాగితంతో రుద్ది, మేకులను తొలగించాలి.
* కుట్టుమిషను స్టాండు: కాలితో తొక్కే పాత మిషను యొక్క పోత ఇనుప స్టాండు చాలా బరువుగా, నిలకడగా ఉంటుంది. అయితే దీని ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు. కనుక ఎత్తైన మంచానికి తప్ప సరిపడదు. ఇంట్లో పిల్లలుంటే తొక్కుడు పలక, చక్రం కదలకుండా కట్టివేయాలి.
* చెట్టు మొద్దు: ఎండిన మొద్దును సమంగా కోయించి వాడతారు. పచ్చి మొద్దు ఎండేకొద్దీ పగుళ్ళు తీస్తుంది. పుచ్చు పురుగులు, చెదలు ఉన్నవో లేదో ముందే చూసుకోవాలి.
* పుస్తకాల దొంతర: చూడటానికి బాగున్నా, అడుగునున్న పుస్తకం కావలసి వచ్చిన రోజు దొంతర అంతా కదులుతుంది. నీళ్ళ గ్లాసుకు ఇది తగిన చోటు కాదు.
* నిచ్చెన: పొట్టి చెక్క నిచ్చెనను గోడకు వాల్చి మెట్లపై పలకలు అమర్చుతారు. పై కొనను గోడకు కట్టివేయాలి.

గోడ అర

నేల మీద చోటు లేనిచోట గోడకు బిగించే అర చక్కని మార్గం. పాత గూటికి ఇది నేటి రూపం అనవచ్చును. ఇటుక గోడలో రంధ్రం తొలిచి, అందులో ప్లాస్టిక్ ప్లగ్గును దింపి, దానిలోనికి మర బిగిస్తారు. మర లోపలికి వెళ్ళేకొద్దీ ప్లగ్గు వ్యాకోచించి గోడను గట్టిగా పట్టుకొంటుంది. నేడు వాడుకలో ఉన్న నైలాన్ ప్లగ్గును జర్మనీకి చెందిన ఆర్తుర్ ఫిషర్ 1958లో కనుగొన్నాడు. ఊడుతున్న గార మీద కాక, ఇటుకలోనికి దిగేటట్లు రంధ్రం తొలచాలి. స్విచ్చి బోర్డుకు నేరుగా పైన, కింద కరెంటు తీగలు ఉండే అవకాశం ఉన్నందున ఆ వరుసలో తొలచకూడదు.

ఇప్పటి ఇళ్ళలో గోడలు 9 అంగుళాలు లేదా 4.5 అంగుళాల మందం మాత్రమే ఉంటున్నవి. వాటిని తొలిచి కొత్తగా గూడు చేయడం మంచిది కాదు. బరువు మోసే గోడలను, అల్యూమినియం అచ్చులతో పోసిన కాంక్రీటు గోడలను ఏ పరిస్థితిలోనూ చెక్కరాదు. ఇంటికి గూడు కావాలనుకొన్నవారు గోడ కట్టేటప్పుడే ఇంజనీరుకు తెలియజేయాలి.

వేలాడేవి

పరుపు కిందికి దోపి మంచం పక్కకు వేలాడదీసే గుడ్డ సంచి పుస్తకం, ఫోను, కళ్ళజోడు ఉంచుకోవడానికి ఉపయోగపడుతుంది. పాత చీర లేదా జీన్సు గుడ్డతో దీనిని ఇంట్లోనే కుట్టుకోవచ్చును. రైలు బోగీలలో బెర్తు పక్కన అమర్చే వల సంచి కూడా ఇటువంటిదే. పై బెర్తులో పడుకున్నవారికి బల్ల ఉండే అవకాశమే లేదు కాబట్టి అక్కడ సంచి, కొక్కెం మాత్రమే ఆధారం. విద్యార్థి వసతిగృహాలలో ఒకదానిపై ఒకటి ఉండే మంచాలకు కూడా ఇదే పద్ధతి అనుకూలం.

పాలు, పెరుగు పిల్లికి అందకుండా వేలాడదీసే ఉట్టిని పోలినట్లు, పలకను తాళ్ళతో పైకప్పు కొక్కేనికి వేలాడదీసి బల్లగా వాడటం కూడా నేడు కనిపిస్తున్నది. చేయి తగిలితే ఊగుతుంది కాబట్టి ఇటువంటి పలకపై నీళ్ళు, వెలిగే దీపం ఉంచరాదు.

ఎంపికలో గమనించవలసిన విషయాలు

* ఎత్తు: పై అంచు పరుపు పైభాగంతో సమానంగా గాని, కొద్ది అంగుళాలు ఎక్కువగా గాని ఉండాలి. మరీ తక్కువైతే పడుకున్నవారు మంచం అంచు మీదికి వంగవలసి వస్తుంది. మరీ ఎక్కువైతే పైనున్న వస్తువు కనబడదు. కొత్త పరుపు వేసినప్పుడు మంచం ఎత్తు మారుతుందని మరువరాదు.
* దూరం: పడుకొని, భుజం లేపకుండా చేయి చాపితే అందేంత దూరమే సరైన దూరం. కళ్ళు మూసుకొని గ్లాసును, టార్చిలైటును తడిమి చూడటం మంచి పరీక్ష. పగలు అందినవన్నీ చీకటిలో అందవు.
* నిలకడ: వృద్ధులు లేచేటప్పుడు అప్రయత్నంగా పక్కనున్న వస్తువును ఊతంగా పట్టుకొంటారు. ఆ బరువుకు ఒరగని వస్తువునే ఎంచుకోవాలి, లేదా గోడకు బిగించాలి.
* అంచు: చుట్టూ అర అంగుళం ఎత్తున పట్టీ ఉంటే మాత్రలు, కళ్ళజోడు జారిపడవు. పట్టీ లేనిచోట ఒక పళ్ళెం ఉంచినా సరిపోతుంది.
* దారి: మంచం నుంచి తలుపు వరకు నడిచే దారిలో కాళ్ళు, మూలలు అడ్డం రాకూడదు.

సెల్‌ఫోను వచ్చిన తరువాత గడియారం, అలారం, టార్చి, కొంతవరకు పుస్తకం కూడా ఒకే వస్తువులో చేరినవి. అందుచేత యువకులకు ఒక చిన్న అర సరిపోతున్నది. కాని నీళ్ళు, మందులు, కళ్ళజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్ళ డబ్బా వంటివి అవసరమైన వృద్ధులకు చోటు తగ్గించడానికి వీలులేదు.

రాత్రివేళ భద్రత

పడిపోవడం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెలిపిన అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వలన మరణిస్తున్నారు. ప్రాణాంతకమైన పడిపోవడాలు 60 ఏళ్ళు దాటినవారిలో అత్యధికం. చీకటిలో నీళ్ళ కోసమో, స్విచ్చి కోసమో లేచి నడవడం ఈ ప్రమాదానికి దారితీసే సందర్భాలలో ఒకటి. మంచం మీద నుంచే దీపం వెలిగించుకొనే వీలుంటే ఆ మేరకు ప్రమాదం తగ్గుతుంది. బల్ల లేకపోయినా, మంచానికి చేరువలో ఒక స్విచ్చి, చేతికందే టార్చిలైటు తప్పక ఉండాలి.

పాముకాటు: కట్లపాము రాత్రిపూట సంచరిస్తుంది. నేలపై నిద్రించేవారిని కాటువేయడం తరచుగా జరుగుతుంది. దాని కాటు పెద్దగా నొప్పి కలిగించకపోవచ్చు కాబట్టి గుర్తించడం ఆలస్యమవుతుంది. 2000–2019 మధ్య భారతదేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించి ఉంటారని 2020లో ప్రచురితమైన ఒక పరిశోధన అంచనా వేసినది. ఎక్కువ మరణాలు సంభవించిన రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ఒకటి. మంచంపై పడుకోవడం, దోమతెరను పక్క కిందికి దోపుకోవడం రక్షణ కలిగిస్తాయి. నేలపై కాలు మోపే ముందు టార్చి వేసి చూడటం అవసరం. కనుక పల్లెలలో తలాపున మొదట ఉండవలసిన వస్తువు టార్చిలైటు. దానిని దోమతెర లోపలనే ఉంచుకోవాలి.

అగ్ని: కిరోసిన్ దీపాన్ని, కొవ్వొత్తిని, దోమల కాయిల్‌ను దోమతెరకు, దుప్పటికి, పుస్తకాల దొంతరకు దగ్గరగా ఉంచరాదు. పాతకాలంలో దీపానికి గోడలో గూడు కేటాయించడంలోని వివేకం ఇక్కడ తెలుస్తుంది. ఛార్జింగులో ఉన్న ఫోనును దిండు కింద గాని, గుడ్డ సంచిలో గాని ఉంచకూడదు. వేడి బయటికి పోయే గట్టి పలకపైనే ఉంచాలి.

మందులు: గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు వైద్యుడు సూచించిన అత్యవసర మందును రాత్రి చేతికందేటట్లు ఉంచుకోవాలి. మిగిలిన మందులన్నిటిని మంచం పక్కన పోగుచేయడం మంచిది కాదు. నిద్రమత్తులో ఒకదానికి బదులు మరొకటి వేసుకొనే ప్రమాదం ఉన్నది. చిన్నపిల్లలున్న ఇళ్ళలో మాత్రలు, బొత్తం ఆకారపు చిన్న బ్యాటరీలు తక్కువ ఎత్తులో ఉంచరాదు. ఇటువంటి ఇళ్ళకు తెరిచి ఉన్న స్టూలు కంటె మూత గల పెట్టె, పిల్లలకు అందని గోడ అర సురక్షితం.

ఇవి కూడా చూడండి

* మంచం
* పీట
* ఉట్టి
* కూజా
* దోమతెర
* కట్లపాము